ఊఁ అన్నానట

సోమవారం

మంచంరాయుడు ఇవాళ నా పరువు తీశాడు.

మా కంపెనీ తయారుచేసే, రోగికి మందు చుక్కలుగా ఎక్కించే పంపును పరీక్షించే గదిలో ఆసుపత్రి మంచం ఒకటి వేసి పెట్టారు. టెస్టింగ్ చేసే అతను రోజంతా దాని మీద రోగిలా పడుకుంటాడు కాబట్టి ఆఫీసులో అందరం అతన్ని అలాగే పిలుస్తాం. ఇవాళ నర్సును పిలిచే బటన్ నొక్కాడట. పంపు మీద పచ్చదీపం వెలిగింది. పిలుపు అందిందని దానర్థం. వెంటనే పక్కగదిలో నర్సు బల్ల మీద గంట మోగాలి. మోగలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పచ్చదీపం, మళ్ళీ గంట లేదు. నేను వెళ్ళేసరికి దుప్పటి గడ్డందాకా లాక్కుని, "మేడమ్, నేను పోయి చాలాసేపయింది. నర్సుకి ఎవరైనా కబురు పెట్టండి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా, ఆ బటన్‌ని పనిచేయించే ప్రోగ్రాం, మా భాషలో డ్రైవర్, రాసింది నేనే.

ఇంటికొచ్చి అక్కకి చెబితే, "నాకర్థమయ్యేలా చెప్పవే" అంది కుట్టుమిషను తొక్కడం ఆపి.

"పంపులో ఇద్దరు పనివాళ్ళున్నారనుకో. ఒకడు రియల్ టైమ్ త్రెడ్. వాణ్ణి మేం ఉరుకులవాడంటాం. మందు చుక్కలు వాడి బాధ్యత. రెప్పపాటు ఆలస్యమైనా ఒప్పుకోడు. రెండోవాడు మామూలు త్రెడ్. వాడు నింపాదివాడు. తెర మీద అంకెలు చూపించడం, గంట మోగించడం వాడి పని. బటన్ నొక్కితే పంపు చేస్తున్న పని ఆపి అటు చూడాలి. దాన్నే ఇంటరప్ట్ అంటారు. అక్కడే నిలబడి గంట మోగిస్తూ కూర్చుంటే ఉరుకులవాడి చుక్క తప్పిపోతుంది. అందుకని 'విన్నాం' అనేసి, పని నింపాదివాడికి అప్పజెప్పి, వెంటనే వెనక్కొచ్చెయ్యాలి. ఆ 'విన్నాం' అనే ముక్క రాసేది నేను."

"అంటే ఊఁ కొట్టడమా?"

"అదే."

"దానికింత చదువెందుకే? పుట్టినప్పట్నించీ కొడుతున్నదేగా నువ్వు!"

అక్కతో మాటల్లో గెలవలేం. అమ్మ పోయేనాటికి నేనింకా గౌన్లు వేసుకుంటున్నాను, అక్క అప్పటికే మిషను తొక్కుతోంది. నాకు పెళ్ళి మీద నమ్మకం కుదరలేదు, అక్కకి తీరిక దొరకలేదు. ఇద్దరం ఇలా ఉండిపోయాం. బాగానే ఉన్నాం.

అక్క కళ్ళజోడు వదులైందట. రేపు షాపుకి వెళ్ళి బిగించుకొస్తుందట. మొన్ననేగా బిగించారు!

మంగళవారం

గంట మోగలేదు.

బుధవారం

"ఊఁ కొట్టడం" ఆఫీసులో అందరి నోళ్ళలోనూ పడింది. తప్పు నాదే, నేనే చెప్పాను. ఇప్పుడు మీటింగుల్లో కూడా "ఊఁ వచ్చింది కానీ పని జరగలేదు" అంటున్నారు.

సంగతేమిటంటే మందు నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు గంట మోగుతోంది. వేగం పెంచితే ఉరుకులవాడు ఇద్దరికీ ఉన్న ఒక్క కుర్చీ వదలడం లేదు. నింపాదివాడికి వంతు రాదు. ఊఁ అన్న మాట గాల్లో ఉండిపోతుంది. పైగా ఎన్నిసార్లు నొక్కినా ఒక్కసారి నొక్కినట్టే లెక్క, ఎందుకంటే ఊఁ ఒకటే.

నింపాదివాడి హోదా పెంచి చూశాను. గంట మోగింది. చుక్కలు తడబడ్డాయి. మేనేజరు నా వెనకే నిలబడి చూశాడు.

"నర్సు ఆలస్యమైతే పేషంటు తిడతాడు. చుక్క ఆలస్యమైతే తిట్టడానికి పేషంటే మిగలడు" అన్నాడు.

తెలుసు. తెలిసే చేశాను. ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి కోసం చేశాను. తీసేశాను. వచ్చే వారం పెద్దాసుపత్రి వాళ్ళు పంపు చూడటానికి వస్తారట.

అక్క కళ్ళజోడు మళ్ళీ వదులైంది, ఈసారి ఎడమ చెవి దగ్గర. ఆ షాపాయనకి పని చేతనవునో కాదో. నేనొచ్చి మాట్లాడతానంటే, "వద్దులేవే, మంచాయన" అంది. మంచాయనైతే స్క్రూ గట్టిగా బిగించాలి కదా.

శుక్రవారం

దొరికింది. దొరికింది. దొరికింది.

పొద్దున్న నేను చెప్పులేసుకుంటుంటే అక్క గుమ్మం దగ్గరకొచ్చి ఏదో చెబుతోంది. కళ్ళజోళ్ళాయన షాపు ఖాళీ చేస్తున్నాడనో, ఎక్కడికో వెళ్ళిపోతున్నాడనో. సరిగ్గా అప్పుడే నా బుర్రలో వెలిగింది. ఉరుకులవాడు ఎందుకు కుర్చీ వదలడం లేదు? చుక్క పడగానే సెన్సరే వాణ్ణి లేపుతుంది కదా. ఆ ఇంటరప్ట్ వచ్చేదాకా వాడు పడుకోవాలి. వాడు పడుకోవడం లేదు! "పడిందా, పడిందా, పడిందా" అని తిరిగి తిరిగి అడుగుతూ కూర్చున్నాడు. పని లేకుండానే ఊపిరాడనంత హడావుడి.

పరుగున బస్సెక్కాను. పది గంటలకల్లా మార్చేశాను. లేపేదాకా పడుకో అని రాశాను, అంతే. చుక్కలు తడబడలేదు, గంట మోగింది. మంచంరాయుడు మంచం మీద లేచి కూర్చుని నాకు దణ్ణం పెట్టాడు. ఈ ఏడాదిలో నాకింత మంచి రోజు లేదు.

ఆదివారం

అక్కకి తలనొప్పి. రోజంతా పడుకుంది. అలమార సర్దమంటే సర్దాను. వంట నేనే చేశాను. కూర బాలేదు, అయినా ఇద్దరం తిన్నాం.

మంగళవారం

పెద్దాసుపత్రి వాళ్ళు వచ్చారు. హెడ్ నర్సు స్వయంగా మంచమెక్కి బటన్ నొక్కింది. మోగింది. మేనేజరు నా భుజం తట్టబోయి, ఆగి, బల్లను తట్టాడు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. "మంచిది" అంది. అంతే అంది. మిషను దగ్గర కూర్చుని, సూదిలో దారం నన్నెక్కించమంది.

"కళ్ళజోడేదీ?"

"వదులైంది."

"బిగించుకు రాకూడదూ?"

"షాపు మూసేశారు."

"ఎప్పుడు?"

అక్క నా మొహం వైపు చూసింది. "చెప్పాగా" అంది.

"ఏం చెప్పావు?"

"శుక్రవారం పొద్దున్న చెప్పాగా. ఆయన వాళ్ళ తమ్ముడుండే ఊళ్ళో షాపు పెట్టుకుంటున్నారని చెప్పాను. నన్ను కూడా రమ్మన్నారని చెప్పాను. రిజిస్టరాఫీసులో సంతకాలు పెట్టి వెళ్దామన్నారే అన్నాను. ఈ వయసులో ఇదేం విడ్డూరం, వద్దని చెప్పేయనా అని నిన్నడిగాను."

నా చేతిలో దారం ఉంది. కళ్ళజోడు ఎందుకు ఊరికే వదులవుతూ వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నావు."

బుధవారం

నేను వినలేదు.

బుధవారం, ఆఫీసు నుంచి వచ్చాక

నేను వినలేదు. వినకుండా అన్న మాట మాట కాదు. అక్కకి అదే చెప్పాను. "పోనీలేవే, అయిపోయిందిగా" అంది. శుక్రవారం సాయంత్రమే వెళ్ళి ఆయనకి వద్దని చెప్పేసి వచ్చిందట. ఆ సాయంత్రం నేను ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాను.

"పొరపాటని తెలిసిందిగా, ఇప్పుడు వెళ్ళి చెప్పు" అన్నాను.

"ఏమని? మా చెల్లెలు వినలేదటండీ, మళ్ళీ అడగండి అనా?" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

గురువారం

రెండుసార్లు అడిగిందట. రెండోసారీ ఊఁ అన్నానట.

"నన్ను పట్టుకుని కుదపలేకపోయావా? చెప్పు లాక్కోలేకపోయావా? అంత పెద్ద సంగతి గుమ్మంలో అడుగుతారా ఎవరైనా?" అని అరిచాను. తప్పు అక్కదని తేలిపోతే బాగుండునని ఎంత ఆశపడ్డానో ఇది రాస్తుంటే తెలుస్తోంది.

అక్క అరవలేదు. "కూర్చోబెట్టి అడిగితే నువ్వు నిజం చెప్పవే. నాకోసం వెళ్ళమంటావు, మొహం ఇంత చేసుకుని. మామూలుగా అడిగితే నీ మనసులో ఉన్నది బయటికొస్తుందనుకున్నాను. వచ్చింది."

"అది నా మనసు కాదక్కా, ఊఁ అంతే!"

"నాకు రెండూ ఒకటిలానే వినపడ్డాయి."

శుక్రవారం

పచ్చదీపం గురించి పొద్దున్నుంచీ గొడవ. దాన్ని ఊఁతో పాటే వెలిగించింది నేను. నొక్కిన వెంటనే దీపం కనిపిస్తే రోగికి ధైర్యంగా ఉంటుందని నా ఆలోచన. గంట మోగాకే వెలగాలని హెడ్ నర్సు రాసి పంపిందట. ఆ కాస్త తేడాకి ఇంత రాద్ధాంతమెందుకని వాదించాను.

మంచంరాయుడు చెయ్యెత్తాడు. "మేడమ్, ఆ రోజు దీపం వెలక్కపోయుంటే నేను నొక్కుతూనే ఉండేవాణ్ణి. అప్పటికీ కాకపోతే అరిచేవాణ్ణి. లేదా లేచి వెళ్ళేవాణ్ణి. వెలిగింది కాబట్టే పడుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. సరే అన్నాను. మార్చాను. గంటకి వేరే చిన్న త్రెడ్ పెట్టి, ఉరుకులవాడికి కింద, నింపాదివాడికి పైన నిలబెట్టాను. ఇక గంట ఎవరి తీరిక కోసమూ ఆగదు. అది మోగిందని నర్సు బల్ల నుంచి తిరుగు జవాబొచ్చాకే దీపం. సాయంత్రానికి అయిపోయింది. మొదటే ఇలా చెయ్యాల్సింది.

ఇంటినీ ఆఫీసునీ కలిపి చూసే జబ్బు నాకు లేదు. పంపు పంపే.

శనివారం

వినలేదని రాశాను. పేజీ వెనక్కి తిప్పి చూస్తే ఎన్నిసార్లు రాశానో, సిగ్గేసింది. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. ఇక్కడ కూడా ఎవరికి చెబుతున్నాను ఈ కబుర్లు?

విన్నాను. అన్నీ కాదు. "రమ్మన్నారు" అన్నది వినపడింది. ఆ మాటకి తలెత్తకుండా రెండో చెప్పు వేసుకున్నాను. ఆ వెనకే "వద్దని చెప్పేయనా" అన్నది కూడా వినపడింది. ఏమిటి, ఎవరికి, ఎందుకు అని ఒక్కమాట అడిగితే తెలిసేది. అడగలేదు. తెలిస్తే వెళ్ళమని చెప్పాల్సి వస్తుంది. ఊఁ అన్నాను. ఉరుకులవాడి గుట్టు నాకు అంతకు ముందే తట్టిందో, ఊఁ అన్న తరవాత తట్టిందో, ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను.

ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం నాకు భయం. ఇంత చదివి, ఇంత సంపాదించి, అక్క లేకపోతే సాయంత్రం ఇంటికి రావాలని ఎందుకనిపిస్తుందో తెలియని మనిషిని నేను. నిజం ఇదీ.

సరిదిద్దుతాను. తప్పెక్కడుందో తెలిశాక వదిలేసిన రోజు లేదు నా ఉద్యోగంలో. మూసిన షాపు తలుపు మీద కొత్త చిరునామా అంటించి ఉంది. రేపు అక్క పక్కవీధిలో కొలతలకి వెళ్తుంది. నేను బయల్దేరతాను.

ఆదివారం, తిరుగు బస్సులో

కొత్త షాపులో ఇంకా రంగు వాసన పోలేదు. ఆయన నిచ్చెన మీద నిలబడి అద్దం బిగిస్తున్నాడు. నేను ఫలానా అని చెప్పగానే గబగబా దిగి, చేతులు తుడుచుకుని, కుర్చీ వేశాడు. అక్క మంచాయనంటే నేను స్క్రూల గురించి ఆలోచించాను. మనిషి నిజంగా మంచాయనే. మాట్లాడేముందు ఎదుటి వాళ్ళు మాట పూర్తి చేశారో లేదోనని కాసేపు ఆగుతాడు.

అంతా చెప్పాను. గుమ్మం, చెప్పులు, ఊఁ. నేను అనాలని అనలేదన్నాను. (విన్నానని మాత్రం చెప్పలేదు.) అక్కకి మీరంటే ఇష్టమే, నా మాట వల్లే ఆగిపోయిందన్నాను.

ఆయన నిచ్చెన మడిచి గోడకి ఆనించాడు.

"ఆవిడ మీ ఊసే ఎత్తలేదండీ" అన్నాడు. "నాకిష్టం లేదు, ఇలా ఉండటమే నాకు బాగుంది అన్నారు. సూటిగా నా కళ్ళలోకి చూసి చెప్పారు. నేను ఆ మాటని గౌరవించాను. మీరొస్తున్నట్టు ఆవిడకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే రానివ్వదు."

"మరి వచ్చారేం?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

అక్కతో ఒకసారి మాట్లాడమని బతిమాలాను. సరే, ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. బస్సు దాకా వచ్చి దిగబెట్టాడు. కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. మనసు తేలిగ్గా ఉంది. ఇంకో గంటలో ఇంటికి చేరతాను. అక్క తలుపు తీసేటప్పుడు మొహం ఎలా ఉంటుందో చూడాలి.

సోమవారం

నిన్న నేను చేరేలోపే ఫోన్ వచ్చింది.

అక్క తలుపు తీసి లోపలికెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. మిషను ముందు కూర్చుంది, తొక్కడం లేదు.

"ఏం చెప్పావక్కా ఆయనకి?"

"మా చెల్లెలు చిన్నపిల్ల, ఏదో వాగుతుంది, పట్టించుకోకండి అని చెప్పాను."

"అదేంటక్కా! ఆయన మళ్ళీ..."

"నోర్ముయ్."

నన్ను పెంచినన్నాళ్ళలో అక్క ఆ మాట అనలేదు.

"నాకిష్టం లేదని చెప్పి వచ్చానే నేను. ఆయన నమ్మారు. నా ఇష్టం, నా మాట, నేనే వద్దన్నాను. ఆ ఒక్కటీ చేతిలో పెట్టుకుని తలెత్తుకు తిరుగుదామనుకున్నాను. నువ్వెళ్ళి ఏం చేశావు? ఈ ముసలిది చెల్లెలు ఊఁ అంటే ఆగిపోయింది, పాపం అనిపించావు. ఇప్పుడు ఆయన దగ్గర నేనేమయ్యాను? పోయిందాన్ని తేవడానికి పోయి ఉన్నదాన్ని కూడా తీసుకుపోయావు."

"సరిచేద్దామనే వెళ్ళాను."

"వెళ్ళేముందు నన్నొక్క మాట అడిగావుటే?"

అడగలేదు. అడిగితే వద్దంటుందని అడగలేదు. అక్క జీవితం సంగతిలో నేను అక్క మాట వినకపోవడం ఇది రెండోసారి, పదిరోజులైనా తిరక్కుండా.

"నిజంగా అడిగుంటే ఏం చెప్పేదానివి?" అన్నాను చివరికి.

అక్క మిషను మీద గుడ్డ సర్దుకుని తొక్కడం మొదలుపెట్టింది.

బుధవారం

పంపు పాసైంది. మూడు వార్డుల్లో పెడతారట. మంచంరాయుడు బదిలీ అయి వేరే మంచానికి వెళ్తున్నాడు, ఈసారి ఎక్స్‌రే బల్ల. మేనేజరు అందరి ముందూ నా గురించి మంచిగా మాట్లాడాడు. ఏమన్నాడో గుర్తులేదు.

శనివారం

అక్క నన్నేమీ అడగడం లేదు. సబ్బు అయిపోతే తనే తెచ్చుకుంటోంది. కిటికీ గడియ ఊడితే తనే మేకు కొట్టింది. ఇదివరకు పొద్దున్న లేస్తే ఇది చూడవే, అది చెప్పవే అని నా ప్రాణం తోడేసేది, నేను విసుక్కునేదాన్ని. అడగమని అక్కని ఎలా అడగాలో నాకు తెలియడం లేదు.

గురువారం

ఇవాళ చెప్పింది. అడగలేదు, చెప్పింది. తను కుట్టే బట్టల షాపు పైన గది ఖాళీగా ఉందట. ఒకటో తారీఖు నుంచి అక్కడ ఉంటుందట. షాపుకి దగ్గర, మెట్లు దిగితే పని.

"ఆయన దగ్గరికైనా వెళ్ళొచ్చుగా అక్కా. ఎలాగూ వెళ్తున్నప్పుడు."

"ఇప్పుడు వెళ్తే ఆయన జాలిపడి రానిచ్చారో, ఇష్టపడి రానిచ్చారో నాకు బతికినంత కాలం తెలీదు. అది నాకొద్దు."

కోపంగా అనలేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఒకటో తారీఖు

మిషను ఇద్దరం పట్టుకుని మెట్లు దించాం. కింద బండి అతను ఇంకా రాలేదు. అక్క మూట మీద కూర్చుంది, నేను మిషనుకి ఆనుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"వెళ్ళొద్దక్కా. నువ్వు లేకపోతే నేనుండలేను. ఆ రోజు కూడా అందుకే అలా అన్నాను. విన్నాను నేను. వినే అన్నాను."

అక్క తలెత్తి చూసింది. అక్కకి ముందే తెలుసని ఆ చూపులో తెలిసింది. నా మొహాన్నే చూస్తూ కూర్చుంది, ఎప్పుడో జడ వేస్తూ నన్ను తనవైపు తిప్పుకుని చూసినట్టు.

"ఈ మాట ఆ పొద్దున్న అనుండాల్సింది, పిచ్చిదానా. వెళ్ళొద్దక్కా, నేనుండలేను అని ఒక్కసారి అనుంటే, నేను నవ్వుకుంటూ వెళ్ళి ఆయనకి వద్దని చెప్పొచ్చేదాన్ని. ఈ ఇంట్లో నా అవసరం ఉందని సంతోషంగా ఉండిపోయేదాన్ని" అంది.

బండి వచ్చింది. ముందు మిషను ఎక్కించాం.